మీ నాన్నేం చేస్తాడు?

(దళిత ఉద్యోగులు, పల్లె కార్యకర్తలు కలిసి జరుపుకున్న సభలో ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

  

ఈ సభ పెట్టినవాళ్లు నాకొక అంశం ఇచ్చారు. 'ఉద్యోగి నేపథ్యం, పని పట్ల నిబద్ధత' అని. మాట పెద్దదిగా ఉంది గానీ సంగతి మనందరికీ తెలిసిందే. ఊళ్లోవాళ్లు మన ఉద్యోగుల గురించి ఒక మాట అంటుంటారు. 'వీళ్లు రిజర్వేషన్లో వచ్చినోళ్లు, పని చేతగాదు, పని మీద శ్రద్ధ ఉండదు' అని. పల్లెలో మనవాళ్లు ఇంకో మాట అంటుంటారు. 'వాడు మనోడే గదా, మన పని ఎందుకు చెయ్యడు?' అని. మొదటిది తిట్టు, రెండోది ఆశ. అయినా రెండిట్లోనూ ఒకే పొరపాటు ఉంది. మనిషి ఏ ఇంట్లో పుట్టాడో తెలిస్తే వాడు ఎట్టా పనిచేస్తాడో చెప్పెయ్యొచ్చు అనుకోవడమే ఆ పొరపాటు. ఈ రెండు మాటలకూ ఈ రోజు జవాబు చెప్పాలనుకుంటున్నాను. మొదటిదానికి చెప్పడం తేలిక. రెండోదానికి చెప్పాలంటే నా తప్పు నేను ఒప్పుకోవాలి. అదీ చెబుతాను, వినండి.

ఒక ఆఫీసు, ఒక ప్రశ్న

1983లో నేను ఒక తాలూకా ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. అదే రోజు ఇంకో కుర్రవాడు కూడా చేరాడు. ఇద్దరం ఒకే పరీక్ష రాసి వచ్చినవాళ్లం. అధికారి ఇద్దర్నీ నిలబెట్టి ఒకే ప్రశ్న వేశాడు. 'మీ నాన్నేం చేస్తాడు?' ఆ కుర్రవాడు 'మాది కరణాల ఇల్లండీ' అన్నాడు. 'అట్టాగా! అయితే లెక్కలు నీ రక్తంలోనే ఉంటాయి' అని అతనికి జమాబందీ సీటు ఇచ్చాడు. నేను 'పాలేరండీ' అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, 'సరే, రికార్డు రూములో కట్టలు సర్దుతుండు' అన్నాడు. మార్కులు అడగలేదు. చేతిరాత చూడలేదు. తండ్రి పని అడిగాడు, కొడుకు సీటు తేల్చేశాడు.

ఆ రికార్డు రూములో మూడేళ్లున్నాను. దుమ్ము పీల్చాను. కానీ అడంగళ్లు, ఎఫ్‌ఎంబీలు, డి-ఫారం పట్టాల రిజిస్టర్లు అక్కడే చదువుకున్నాను. సర్కారు పేదలకిచ్చిన భూమి పట్టాలో మన పల్లెవాడి పేరున, సాగులో కామందు పేరున ఎట్టా ఉంటుందో అక్కడే చూశాను. ఇచ్చిన భూమిని ఎవరూ కొనగూడదు, కొన్నా చెల్లదు అని 1977లో చట్టం వచ్చింది. చట్టం వచ్చిన తర్వాత కూడా భూమి చేతులు మారింది. ఆ అడంగళ్లు రాసిన చేతులు ఎవరివి? లెక్కలు రక్తంలో ఉన్నాయన్న చేతులే గదా!

ఒక్కసారి ఆలోచించండి. ఇంటి నేపథ్యం చూసి ఉద్యోగమివ్వడం అనే పద్ధతి మన ఊళ్లలో అచ్చంగా అమలైన ఉద్యోగాలు మునసబు, కరణం. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు. పుట్టుకతో నిబద్ధత వచ్చేదైతే ఆ ఉద్యోగాల్లోనే అది పొంగి పొర్లాలి. పొర్లిందా? పల్లెలో పెద్దవాళ్లనడగండి, చెబుతారు. గుంటూరు జిల్లాలో ఒక మునసబు ఉద్యోగం పాత మునసబు కొడుక్కే ఇవ్వాలని అధికారులు తేలిస్తే, గాజుల దశరథ రామారావు అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. వంశాన్ని బట్టి సర్కారు ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16(2) అధికరణానికి విరుద్ధమని 1960లో కోర్టు తీర్పు చెప్పింది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ కరణం, మునసబు ఉద్యోగాలనే రద్దు చేసింది. అంటే నన్నడిగిన ఆ ప్రశ్నను నేను ఉద్యోగంలో చేరడానికి ఇరవయ్యేళ్ల ముందే కోర్టు కొట్టేసింది. ఆఫీసు మాత్రం కొట్టెయ్యలేదు.

నాబోటి చిన్న గుమాస్తా సంగతి వదిలెయ్యండి. బాబాసాహెబ్ అంబేడ్కర్ సంగతి చూడండి. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో అమెరికాలో చదివాడు. చదువయ్యాక సంస్థానంలో పనిచేస్తానని రాసిచ్చిన ఒప్పందానికి కట్టుబడి 1917లో బరోడా వెళ్లి కొలువులో చేరాడు. మాట నిలబెట్టుకోవడం కన్నా నిబద్ధత ఇంకేముంటుంది? అక్కడ బంట్రోతులు ఆయన బల్ల మీద కాగితాలు విసిరేసేవాళ్లు. తాగడానికి నీళ్లుండేవి కావు. ఊరంతా వెతికినా అద్దెకు గది దొరకలేదు. పార్శీల సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. కొద్ది రోజులకే ఆయన ఉద్యోగం వదులుకుని బొంబాయి తిరిగొచ్చాడు. బయటి నుంచి చూసేవాడు ఏమంటాడు? 'చూశారా, పట్టుమని నెల్లాళ్లు నిలవలేదు' అంటాడు. నిలవనిచ్చారా అని అడగడు.

కంపెనీల్లో కూడా అదే ప్రశ్న

'అదంతా పాతకాలం, ఇప్పుడు కంపెనీల్లో ప్రతిభే చూస్తారు, కులం ఎవరు చూస్తారు?' అంటారు పట్నంలో కుర్రవాళ్లు. సరే, చూద్దాం. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఢిల్లీలో 25 పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలిచ్చే మేనేజర్లతో మాట్లాడి, 2007లో ఆ సంగతులు అచ్చువేశారు. ఆ మేనేజర్లు 'మాకు కులం లేదు, ప్రతిభే ముఖ్యం' అన్నారు. అదే నోటితో, ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం తప్పక అడుగుతామని దాదాపు అందరూ చెప్పారు. నాన్న ఏం చదివాడు, అన్నలేం చేస్తున్నారు, పల్లెటూళ్లో పెరిగావా, పట్నంలోనా? మంచి ఇంట్లో పుట్టినవాడికి మంచి నడవడి, కష్టపడే గుణం ఉంటాయని వాళ్ల నమ్మకం. 1983లో మా అధికారి తెలుగులో అడిగింది వీళ్లు ఇంగ్లీషులో అడుగుతున్నారు, అంతే.

అదే 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ అనేవాళ్లు ఇంకో పని చేశారు. పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అర్హత ఉన్న దరఖాస్తులు పంపారు. మార్చింది ఇంటిపేరు ఒక్కటే. పై కులం ఇంటిపేరుకు పిలుపు వచ్చే అవకాశం నూరు అనుకుంటే, దళితుడి ఇంటిపేరుకు అది సుమారు 67. ఇంకా మనిషి మొహం చూడలేదు, మాట వినలేదు, ఒక్క రోజు పని చేయించి చూడలేదు. ఇంటిపేరు చూసి నిబద్ధత లేదని తేల్చేశారు.

పాలేరు కొడుక్కి పని నేర్పుతారా?

మా నాన్న ఏడాదికి ఇన్ని బస్తాల గింజలని జీతం కుదుర్చుకుని కామందు దగ్గర ఉండేవాడు. కోడి కూయకముందే చావిట్లో ఉండాలి. గేదె ఈనే రాత్రి అక్కడే పడుకోవాలి. ఇంట్లో మాకు జ్వరమొచ్చినా సరే, కామందు ఎద్దుకు జ్వరమొస్తే ఎద్దు దగ్గరే ఉండేవాడు. మా అమ్మ నాట్లకు పోయి నడుం వంచితే మళ్లీ పొద్దు వాలినాకే ఎత్తేది. ఇక్కడ కూర్చున్న ప్రతి ఇంటి కథా ఇదే. చెప్పు కుట్టినవాడు, డప్పు కొట్టినవాడు, చచ్చిన గొడ్డును మోసినవాడు, కావలి కాసినవాడు, చెరువు తూము దగ్గర రాత్రంతా నిలబడినవాడు, వీళ్లందరికీ పని మీద శ్రద్ధ లేదంటే ఈ దేశంలో ఎవరికుంది? ఎన్ని తరాల పని మన చేతుల్లో ఉంది! పని చేయించుకుని తిన్నవాడు, పని చేసినవాడి బిడ్డను పట్టుకుని 'నీకు పని అలవాటు లేదు' అంటున్నాడు.

మనం చెప్పుకుంటే సొంత డబ్బా అంటారు. లెక్కలు చూద్దాం. అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు భారతీయ రైల్వేలను తీసుకున్నారు. దేశంలో ఎక్కువమంది ఉద్యోగులున్న సంస్థల్లో అదొకటి, రిజర్వేషన్ గట్టిగా అమలైన సంస్థ. 1980 నుంచి 2002 దాకా ఎనిమిది రైల్వే జోన్ల లెక్కలు చూశారు. షెడ్యూల్డు కులాల, తెగల ఉద్యోగులు ఎక్కువైన చోట పని తగ్గిందా అని వెతికారు. 2014లో అచ్చయిన వాళ్ల పరిశీలనలో, అట్టా తగ్గినట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు. పైగా ఎ, బి గ్రూపుల పెద్ద ఉద్యోగాల్లో మనవాళ్ల పాలు పెరిగిన చోట పని ఫలితం కొంత మెరుగ్గా ఉన్న సూచనలు కనిపించాయి. ఎందుకట్టా జరిగింది? తమను తాము రుజువు చేసుకోవాలన్న పట్టుదల ఒక కారణం కావచ్చని అన్నారు. మనకు ఆ సంగతి తెలుసు. మనవాడు ఒక్క తప్పు చేస్తే అది వాడి తప్పుగా ఉండదు, కులం తప్పయి కూర్చుంటుంది. అందుకే రెండుసార్లు సరిచూసుకుంటాడు.

రాజ్యాంగంలో 335వ అధికరణం ఉంది. మన హక్కులు చూసేటప్పుడు పరిపాలన సామర్థ్యం కూడా చూడాలని అందులో ఉంది. మనల్ని ఆపడానికి ఏళ్ల తరబడి ఆ ఒక్క మాటనే అడ్డం పెట్టారు. ప్రమోషన్లలో మార్కుల సడలింపుకు అది అడ్డం రాదని 2000లో రాజ్యాంగాన్ని సవరించాల్సి వచ్చింది. కర్నాటక ప్రమోషన్ల కేసులో 2019లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. సమాజంలోని అన్ని వర్గాలకూ చోటున్న పాలనే సమర్థమైన పాలన అనే అర్థంలో తీర్పు చెప్పింది. ఆ మాట కోర్టు నోట వినడానికి ఇంతకాలం పట్టింది.

నేపథ్యం అడగని ఉద్యోగం

ఒక ఉద్యోగంలో మాత్రం మన నేపథ్యానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. అక్కడ ప్రతిభ గొడవ లేదు, రిజర్వేషన్ మీద కోర్టు కేసులు లేవు. అది పాకీపని, కాలవల పని, మురుగు గుంటల పని. ఆ పనికి నూటికి నూరు మనవాళ్లే కావాలి.

బెజవాడ విల్సన్ గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కోలారు బంగారు గనుల కాలనీలో, తరతరాలుగా పాకీపని చేసిన కుటుంబంలో పుట్టాడు. చదువుకుని ఉపాధి కార్యాలయానికి పోతే, ఆయన ఏం చదివాడో చూడకుండా కులం చూసి పాకీపనికే పేరు రాశారని ఆయనే చెప్పిన సంగతి. ఆ మనిషి తర్వాత సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపాడు, 2016లో మెగసెసే అవార్డు పొందాడు. ఉపాధి కార్యాలయం మాట వినుంటే ఈ దేశం ఒక నాయకుణ్ని పోగొట్టుకునేది.

చేత్తో మలం ఎత్తించే పని నేరమని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. 1993 నుంచి మురుగు గుంటల్లో చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. చావుకు రేటు పెరిగింది గానీ చావులు ఆగలేదు. కరోనా వచ్చిన 2020లో ఊరంతా తలుపులేసుకుంటే రోడ్డు మీదున్నది ఎవరు? చీపురు పట్టుకున్న మన అక్కలే. ఆ నెలల్లో కొన్నిచోట్ల వాళ్ల కాళ్లు కడిగారు, మెడలో దండలేశారు. ఆ అక్కలు అడిగింది దండలు గాదు. చేతికి గ్లౌజులు, నెలనెలా జీతం, పర్మినెంటు ఉద్యోగం అడిగారు. నిబద్ధత అంటే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. కానీ దానికి జీతంలోనూ గౌరవంలోనూ లెక్క కట్టరు. మనవాడు చీపురు పట్టుకుంటే 'అంకితభావం' అంటారు, పెన్ను పట్టుకుంటే 'అర్హత ఉందా?' అంటారు.

బడిలో మధ్యాహ్న భోజనం సంగతీ అంతే. వంటమనుషులుగా దళితులకు మొదటి అవకాశమివ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా దేశంలో ఎన్నో ఊళ్లలో మన అక్క వండిందని పిల్లల్ని బడి మాన్పించారు. అన్నం సరిగ్గా ఉడకలేదని ఎవరూ అనలేదు. పప్పులో ఉప్పు తగ్గిందని అనలేదు. వండిన చెయ్యి ఎవరిదని మాత్రమే అడిగారు.

నిబద్ధతే తప్పయిన చోట

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. దళితుల్లో పుట్టకపోయినా దళితుల కోసం నిలబడ్డ ఆఫీసర్లున్నారు. పి.ఎస్. కృష్ణన్ గారు మన ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐ.ఎ.ఎస్. అధికారి. గ్రామానికి పోతే ఊళ్లో పెద్దల ఇంట్లో మకాం పెట్టకుండా దళితవాడలో క్యాంపు పెట్టేవాడు. ఆయన రహస్య నివేదికలో పైఅధికారి ఏం రాశాడో తెలుసా? అణగారిన కులాల పట్ల మితిమీరిన పక్షపాతం ఉందని, కులాంతర వివాహాలను సమర్థిస్తాడని, గ్రామాధికారుల మాటకన్నా పల్లెజనం మాట నమ్ముతాడని. ఇవన్నీ ఆయన లోపాలుగా రాశారు! కరణం మాట నమ్మితే సమర్థుడు, కూలివాడి మాట నమ్మితే పక్షపాతి. తర్వాత 1989 అత్యాచారాల నిరోధక చట్టం రావడంలో, 1990లో మండల్ సిఫార్సుల అమలులో ఆయన చెయ్యి ఉంది.

ఎస్.ఆర్. శంకరన్ గారు ఇంకొకరు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం కాగితంలో ఉంటే సరిపోదని, వెట్టివాళ్లను విడిపించడానికి సాంఘిక సంక్షేమ శాఖను పల్లెలకు నడిపించినవాడు ఆయన. పెళ్లి చేసుకోలేదు, సొంత ఆస్తి కూడబెట్టలేదు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నాడు.

ఈ ఇద్దరూ వెలివాడలో పుట్టలేదు. అయినా వెలివాడ వాళ్ల లెక్కలో మొదట ఉంది. అంటే పుట్టుక నిబద్ధతకు అడ్డమూ గాదు, హామీ గాదు. ఎవరికి జవాబు చెప్పుకుంటున్నానని మనిషి అనుకుంటాడో అక్కణ్నుంచి నిబద్ధత వస్తుంది. పైఅధికారికే జవాబు చెప్పాలనుకున్నవాడు ఒకరకంగా పనిచేస్తాడు. గుమ్మం బయట నిలబడ్డ మనిషికి జవాబు చెప్పాలనుకున్నవాడు ఇంకోరకంగా పనిచేస్తాడు.

ఇక నా తప్పు

ఇప్పుడు పల్లె అడిగే ప్రశ్నకొస్తాను. 'మనోడే గదా, ఎందుకు చెయ్యడు?'

మండలాలు వచ్చాక నేను ఒక మండలాఫీసులో ఇళ్ల స్థలాల సీటులో ఉన్నాను. మా పక్కపల్లె నుంచి ఒక పెద్దమ్మ అర్జీ పట్టుకొచ్చింది. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు, కామందు దొడ్డి వెనకాల గుడిసె. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. 'నువ్వు ఫలానా ఆయన కొడుకువి గదా అబ్బాయా! మా ఆయనా మీ నాన్నా ఒకే కామందు దగ్గర జీతమున్నారు' అని అందరి ముందూ అంది. పక్క సీటువాళ్లు నవ్వుకున్నారు. ఒకడు 'ఇంకేం, చుట్టాలొచ్చారు, పని అయిపోయినట్టే' అన్నాడు.

ఆ నవ్వుకి నేను భయపడ్డాను. 'కులపోళ్ల పనులే చేస్తాడు' అని అంటారని భయపడి, ఆమె ఫైలు అడుగున పెట్టాను. ఆమె వరస వచ్చినా తియ్యలేదు. వచ్చినప్పుడల్లా 'చూద్దాం, చూద్దాం' అన్నాను. ఆ విడత స్థలాలు అయిపోయాయి. ఆమె పేరు జాబితాలో లేదు. ఆఖరిసారి వచ్చినప్పుడు ఆమె నన్ను తిట్టలేదు. గుమ్మంలో నిలబడి ఒకటే మాటంది. 'నువ్వు లేనప్పుడే నయం అబ్బాయా. అప్పుడు మాకెవరూ లేరని మాకు తెలిసేది.'

నేను రిటైరయి చాలా ఏళ్లయింది. ఆ మాట మాత్రం రిటైరు కాలేదు.

ఆ రోజు నేను చేసింది ఏంటో తర్వాత నాకు అర్థమయింది. ఆమెకు వరస ప్రకారం రావాల్సింది ఇవ్వడం పక్షపాతం గాదు, అది నా డ్యూటీ. మనవాళ్లని దగ్గరికి రానిస్తే కులగజ్జి అంటారనే భయం మన ఉద్యోగుల్ని తినేస్తుంది. అవతలివాళ్లు తమ వియ్యంకుడి పని గంటలో చేసిపెడితే దాన్ని పలుకుబడి అంటారు, మర్యాద అంటారు. మనవాడు వరసలో ఉన్న ఫైలు తీస్తే కులం అంటారు. ఈ భయంతోనే మనలో కొందరు ఇంటిపేరు మారుస్తారు. కాలనీలో ఇల్లు కట్టుకుని పల్లె వైపు రారు. పండక్కి వచ్చినా చీకటి పడ్డాక వచ్చి తెల్లారకముందే పోతారు. పిల్లలకు తాత ఏం పని చేశాడో చెప్పరు. 'మీ నాన్నేం చేస్తాడు?' అన్న ప్రశ్నకు భయపడి బతుకంతా దాక్కుంటారు.

వాళ్లను నేను దుర్మార్గులనడం లేదు. నేనూ వాళ్లలో ఒకణ్నే. కానీ భయానికి కారణం ఉన్నంత మాత్రాన ఆ పెద్దమ్మకు ఇల్లు రాదు గదా! చదువుకున్నవాళ్లు తమ జాతిని మరిచి సొంత కడుపు చూసుకుంటున్నారని బాబాసాహెబ్ 1956 మార్చి 18న ఆగ్రా సభలో బాధపడ్డాడు. ఆ బాధలో నా పేరు కూడా ఉందని నాకు తెలుసు.

భయం లేని బంట్రోతు

భయపడని మనిషి కథ ఒకటి చెబుతాను. 1960లలో పూనాలో, రక్షణ శాఖ పరిశోధనా కేంద్రం ఒకదాంట్లో అంబేడ్కర్ జయంతి, బుద్ధ జయంతి సెలవులు తీసేశారు. అక్కడ పెద్ద చదువులు చదివిన మనవాళ్లు కూడా ఉన్నారు. ముందుగా లేచి ఇది అన్యాయమన్నది మాత్రం దీనా భానా అనే నాలుగో తరగతి ఉద్యోగి. రాజస్థాన్ నుంచి వచ్చినవాడు, వాల్మీకి కులస్తుడు. ఆయన్ని సస్పెండు చేశారు. అదే చోట పనిచేస్తున్న ఒక పంజాబీ యువకుడు అది చూసి ఆయన పక్కన నిలబడ్డాడు. పోరాడి సెలవులూ ఉద్యోగమూ తిరిగి తెచ్చుకున్నారు. ఆ యువకుడు తర్వాత ఉద్యోగమే వదిలేశాడు. ఆయనే కాన్షీరాం. 1978 డిసెంబరు 6న బామ్‌సెఫ్ పుట్టింది. వెనకబడ్డ, మైనారిటీ కులాల ఉద్యోగులు తమ డబ్బూ, తెలివీ, కాలమూ సమాజానికి తిరిగి ఇవ్వాలన్నది దాని మూలసూత్రం. అంత పెద్ద ఉద్యమానికి మొదటి మాట ఒక బంట్రోతు నోట వచ్చింది. పెద్ద జీతం వస్తే ధైర్యం వస్తుందనుకునేవాళ్లు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి.

ఏం చేద్దాం?

మాటలు చాలు. పనిలో పెట్టాల్సినవి చెబుతాను.

ఉద్యోగులకు: మనవాళ్లకు అదనంగా ఏమీ చెయ్యనక్కర్లేదు. వరస ప్రకారం, రూలు ప్రకారం, గడువులోపల చెయ్యండి. ఫైలు అడుగున పెట్టకండి. అర్జీ తీసుకుంటే రసీదు ఇవ్వండి. కాలనీలో ఇల్లు కట్టుకోండి, ఎవరూ వద్దనరు. నెలకొక సాయంత్రం మాత్రం పల్లెకు రండి. పగటిపూట రండి, అందరూ చూస్తుండగా రండి. అర్జీలు రాసిపెట్టండి, ఏ ఆఫీసులో ఏ కాగితం కావాలో చెప్పండి. ఒంటరిగా ఉన్నవాడికే భయం. పదిమంది కలిస్తే పక్క సీటువాడు నవ్వడు.

పల్లెవాళ్లకు: 'మనోడు' అని నమ్మి నోటిమాటతో వదిలెయ్యకండి. అర్జీ కాగితం మీద ఇవ్వండి, తేదీ వేయించుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. అత్యాచారం కేసులో ఫిర్యాదు రాసుకుని చదివి వినిపించడం, ఎఫ్.ఐ.ఆర్. కట్టడం, కాపీ ఇవ్వడం, 60 రోజుల్లో చార్జిషీటు వెయ్యడం అధికారి డ్యూటీలని 1989 చట్టం నాలుగో సెక్షన్లో ఉంది. 2016 జనవరి నుంచి ఇవన్నీ అందులో విడివిడిగా రాసి ఉన్నాయి. కావాలని చెయ్యకపోతే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, వినండి. ఆ సెక్షను షెడ్యూల్డు కులాల్లో, తెగల్లో పుట్టిన అధికారికి వర్తించదు. మనోడు మన పట్ల నిర్లక్ష్యంగా ఉండడులే అని చట్టం కూడా నమ్మినట్టుంది. చట్టం కూడా పుట్టుకను చూసే నమ్మింది! కాబట్టి మనోణ్ని ఆ సెక్షను అడగదు. మనమే అడగాలి. మర్యాదగా అడగండి, నలుగురితో కలిసి అడగండి, అడగడం మాత్రం మానకండి.

కార్యకర్తలకు: ఏ ఆఫీసర్ని చూసినా ముందు 'మనోడా, కాదా' అని వెతకడం తగ్గించండి. పల్లెకొక నోటు పుస్తకం పెట్టండి. ఏ అర్జీ, ఏ తేదీ, ఏ సీటు, ఎన్నాళ్లకు పనయింది, అన్నీ రాయండి. ఏడాది తిరిగేసరికి ఎవరి నిబద్ధత ఎంతో ఆ పుస్తకమే చెబుతుంది. దాన్లో కులం గడి ఉండనక్కర్లేదు.

చివరిగా ఒక్క మాట చెప్పి దిగుతాను. ఇప్పుడు ఉద్యోగాలకు పోతున్న మన పిల్లలను రేపు ఎవడో ఒకడు అడుగుతాడు, 'మీ నాన్నేం చేస్తాడు?' అని. నాలాగా తలొంచుకుని చెప్పకండి. 'మా నాన్న పాలేరు. మా అమ్మ కూలి. నేను ఈ సీటులో పనికొచ్చాను. నా పని చూడండి' అనండి. అట్టా అన్నవాడు, గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ తన నాన్న పేరు పలికినప్పుడు కూడా తలొంచుకోడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, 'ఇట్టివ్వు పెద్దమ్మా, నీ కాగితం చూస్తాను' అంటాడు.

జై భీం!